మంచు కింద పది నిమిషాలు

2024 ఫిబ్రవరి 22న గుల్‌మార్గ్‌లోని అఫర్వత్ కొండ మీద మంచు చరియ విరిగిపడి ఒక రష్యా స్కీయర్ చనిపోయాడు. 2023 ఫిబ్రవరి 1న అదే కొండ ఇద్దరు పోలండ్ స్కీయర్లను బలి తీసుకుంది. ఎవరూ తొక్కని మంచు మీద జారాలన్న ఆశ స్కీయర్లను ఇలాంటి చోట్లకు లాక్కెళుతుంది.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో విరుగుతాయి, ముఖ్యంగా 38 డిగ్రీల దగ్గర. మన ఇళ్లలో మేడ మెట్ల వాలు కంటే కాస్త ఎక్కువ, అంతే. స్కీయింగ్‌కు బాగుండే వాలూ అదే కావడం అసలు చిక్కు. గాలి తెచ్చి పోసిన మంచు పైన పలకలా బిగుస్తుంది. దాని కింద పంచదార పలుకుల్లాంటి వదులు పొర ఉంటే, మనిషి బరువుకే అది కుంగిపోతుంది. కాళ్ల కింద 'వుంఫ్' మని మూలిగినట్టు వినిపిస్తే వెనక్కి తిరగాల్సిందే. ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో దాదాపు 90 శాతం బాధితుడి వల్లో, అతని బృందంలో ఒకరి వల్లో మొదలైనవే.

జారి ఆగిన మంచు కాంక్రీటులా బిగుస్తుంది. వేలు కూడా కదలదు. వదిలిన ఊపిరి ముఖం చుట్టూ మంచును కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తుంది. ఆ పెంకు గాలిని ఆపేస్తుంది. స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా జరిగిన ప్రమాదాలను పరిశీలిస్తే, 10 నిమిషాల్లోపు తీసినవారిలో 10కి 9 మంది బతికారు. అరగంట అయ్యేసరికి ముగ్గురే. అక్కడ ఇటీవలి లెక్కల్లో కూడా పక్కనున్నవారు తవ్వి తీయడానికి సుమారు 10 నిమిషాలు పడితే, బయటి రక్షణ బృందాలకు 90 నిమిషాలు పట్టింది.

అందుకే 457 కిలోహెర్ట్జ్‌పై సంకేతం పంపే బీకన్, మంచులో గుచ్చి చూసే పొడవాటి ప్రోబ్, పార, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ప్రోబ్ తగిలిన చోటే నిలబడి నిలువునా తవ్వకూడదు. ప్రోబ్‌ను అలాగే ఉంచి, లోతుకు ఒకటిన్నర రెట్లు దిగువకు వెళ్లి, అక్కడి నుంచి లోపలికి తవ్వాలి. చరియ మంచు ఘనపు మీటరు 300 నుంచి 500 కిలోలు తూగుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

రక్షించడానికి వెళ్లేవారి ప్రాణాలకూ భరోసా లేదు. 2020 ఫిబ్రవరి 4న టర్కీలోని బహ్చెసరాయ్ దగ్గర చరియ పడి అయిదుగురు చనిపోయారు. మర్నాడు అక్కడ వెతుకుతున్న సుమారు 300 మంది మీద రెండో చరియ పడింది. రెండు రోజుల్లో చనిపోయినవారు 40కి పైనే. ఒక చరియ జారిన కొండ మీద ఇంకా జారని మంచు మిగిలి ఉంటుంది. వాతావరణం తెరిపి ఇచ్చేదాకా రక్షణ బృందాలు ఆగడాన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం.

స్కీలతో అఫర్వత్ ఎక్కాలనుకునేవారికి ఒక విన్నపం. కింద ఉండగానే మీ తోటివారి చేతికి బీకన్ ఇచ్చి, మంచులో దాచిన మరో బీకన్‌ను వెతకమనండి. పది నిమిషాల్లో దొరక్కపోతే ఆ రోజు పైకి వెళ్లకండి.