సముద్రతీరమునుండి ఏనుగుల వనమునకు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు బాటలో ఒక ప్రక్క సముద్రమును, మరియొక ప్రక్క కొండలును కానవచ్చును. ఇట్టి బాట వందలకొలది కిలోమీటర్లు సాగి, తుదకు ఏనుగులు స్వేచ్ఛగా తిరుగు వనమును చేరినచో ఎంత మనోహరముగా నుండును! దక్షిణాఫ్రికా దేశమున అట్టి బాట కలదు. అది కేప్ టౌన్ నగరమున మొదలై, హిందూ మహాసముద్రపు తీరమును దాదాపుగా అనుసరించి తూర్పునకు పోవును. సుమారు 750 కిలోమీటర్ల దూరమున గ్కెబెర్హా నగరము వచ్చును. 2021వ సంవత్సరము వరకు దీని పేరు పోర్ట్ ఎలిజబెత్. అచటికి సమీపముననే అడ్డో ఏనుగుల వనమున్నది.

ఈ ప్రయాణమును ఎనిమిదిమందియో పదిమందియో కలిసి ఒక చిన్న మోటారు బండిలో చేయుదురు. దారి తెలిసిన చోదకుడొకడు వారితో నుండును. తోచినచోట ఆగుటకును, అడవిలో సద్దు లేక నిలుచుటకును చిన్న జట్టే అనుకూలము. వన్యమృగములను చూచుటకై చేయు యాత్రకు ‘సఫారి’ అని పేరు. స్వాహిలీ భాషలో ఈ మాటకు ప్రయాణమనియే అర్థము.

కేప్ టౌన్ విడిచిన పిదప ప్రయాణికులు మొదట హెర్మానస్ అను ఊర ఆగుదురు. జూన్ నెల మొదలు నవంబరు వరకు అచటి సముద్రమునకు తిమింగిలములు వచ్చును. అవి దక్షిణ ధ్రువప్రాంతపు చలినీటినుండి పిల్లలను కనుటకై ఇచటికి చేరును. ఒడ్డున నిలిచియే వానిని చూడవచ్చును. ఇవి మెల్లగా ఈదును. చంపినను నీటిపై తేలును. అందుచేత వేటగాండ్రు వీనికి ‘వేటకు తగిన తిమింగిలము’లని పేరు పెట్టిరి. వేట వలన నశింపనున్న ఈ జాతికి 1935లో అంతర్జాతీయ ఒడంబడిక రక్షణ కల్పించెను. నాడు ఈటెలతో ఎదురేగిన మనుష్యుడు నేడు దుర్భిణితో ఒడ్డున కూర్చుండి వీనికై వేచియున్నాడు.

తరువాత వచ్చునది మోసెల్ బే. 1488లో పోర్చుగీసు నావికుడు బార్తొలొమ్యూ డయాజ్ తుపానులో చిక్కి, ఆఫ్రికా దక్షిణాగ్రమును కన్నులార చూడకయే దాటి, ఇచట ఒడ్డు చేరెను. 1497లో వాస్కో డ గామా ఇచటనే ఆగి, మరుసటి యేడు మన కళ్ళికోటకు వచ్చెను. ఇచట ఒక ప్రాచీన వృక్షము కలదు. 1500లో ఒక నావికుడు దాని దాపున జాబునుంచి పోగా, మరుసటి సంవత్సరము భారతదేశమునకు పోవు నావికులకు అది దొరకెనని చెప్పుదురు. నేడు ఆ చెట్టు క్రింద బూటు ఆకారము గల తపాలాపెట్టె ఉన్నది.

మోసెల్ బే మొదలు స్టార్మ్స్ నది వరకు గల సుమారు 200 కిలోమీటర్ల భాగమును ‘ఉద్యానమార్గ’మని పిలుతురు. దీని పచ్చదనమునకు కారణము ఔటెనిక్వా పర్వతములు. సముద్రముమీదనుండి వచ్చు తేమగాలులు ఈ కొండలకు తగిలి, పైకి లేచి, చల్లబడి, వర్షించును. కావుననే తీరమున ఏడాది పొడుగున వానలు కురియును. కొండల కావలి ప్రక్క మాత్రము కారూ అను మెట్టభూమి ఎండి యుండును. పడమటి కనుమల విషయమున మన దేశమునను ఇట్లే జరుగుట విద్యార్థు లెరుగుదురు.

ఈ మార్గమధ్యమున నైస్నా అను పట్టణము కలదు. దాని చుట్టును దట్టమైన అడవులున్నవి. పూర్వము అందు వందలకొలది ఏనుగులు సంచరించెడివి. కలపకై చెట్లను నరికిరి. దంతములకై ఏనుగులను చంపిరి. పరిశోధకులు అడవియందు ఛాయాచిత్ర యంత్రములను అమర్చి నెలల తరబడి వెదకిరి. 2019లో వారు ప్రకటించిన ఫలితమేమన, మిగిలినది ఒక్క ఆడ యేనుగు మాత్రమే! గుంపుగా బ్రతుకుట ఏనుగుల స్వభావము. తనవారెవ్వరును లేని ఆ ఏనుగు ఒంటరితనమును ఊహించినచో మనసు కలగకమానదు.

నైస్నా దాటిన పిదప త్సిత్సికమ్మ తీరము వచ్చును. 1964లో ఇచటి సముద్రభాగమునుకూడ జాతీయోద్యానముగా ప్రకటించిరి. స్టార్మ్స్ నది సముద్రమున కలియుచోట వ్రేలాడు వంతెనపై నిలిచి ప్రయాణికులు అలల హోరు విందురు.

తుదకు అడ్డో. ఈ వనము కథయు విషాదముతోనే మొదలైనది. ఏనుగులు పంటలను పాడుచేయుచున్నవని రైతులు మొరపెట్టుకొనగా, ప్రభుత్వము వానిని చంపుటకు ప్రిటోరియస్ అను వేటగాని నియమించెను. 1919, 1920 సంవత్సరములలో అతడు 100కు పైగా ఏనుగులను కూల్చెను. అది విని ప్రజల మనసు మారెను. 1931లో వనమును స్థాపించునాటికి మిగిలినవి 11 ఏనుగులు మాత్రమే.

అయినను రైతుల బాధ అసత్యము కాదు. ఏనుగులు పొలములపై పడకుండుటకై వానికి నారింజపండ్లు వేసి చూచిరి. దానితో అవి పండ్లకై పోరాడుకొనసాగెను. వనాధికారియగు గ్రాహమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రామ్ పట్టాలను స్తంభములుగ పాతి, లిఫ్టులకు వాడు ఉక్కుత్రాళ్ళను బిగించి, ఏనుగులు విరువజాలని కంచెను నిర్మించెను. 1954లో ఆ కంచె పూర్తియగునాటికి ఏనుగులు 22. నేడవి 600కు పైగా ఉన్నవి.

ఆఫ్రికాలో ఆడ యేనుగులకును సాధారణముగా దంతములుండును. అడ్డోలో మాత్రము పెక్కింటికి లేవు. ఈ మంద అంతయు కొద్ది ఏనుగుల సంతతి యగుటయే అందులకు కారణము. కొత్త రక్తము చేరుటకై 2003లో క్రూగర్ జాతీయోద్యానమునుండి మగ యేనుగులను తెచ్చిరి.

ఈ వనమున ప్రయాణికులు బండి దిగరాదు. నారింజపండ్లను వెంట తేరాదు. బాటపై పడిన ఏనుగు పేడమీదుగ బండి నడుపుటయు తగదు. ఎగురలేని ఒక జాతి పేడపురుగులు అందు నివసించును. ఏనుగునకు బాట విడిచినట్లే పురుగునకును విడువవలెను.

2019లో సమీప సముద్రమునందును రక్షితప్రాంత మొకటి ఏర్పడెను. అందలి ద్వీపములపై పెంగ్విన్ పక్షులు గూళ్ళు కట్టును. ఆహారమగు చేపలు తగ్గిపోవుటచే ఆ పక్షులు క్షీణించుచున్నవి. 2024లో వానిని మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న జాతిగ ప్రకటించిరి.

నైస్నాకును అడ్డోకును నడుమ నున్నది ఒక పగటి ప్రయాణము. ఒకచోట ఏనుగు ఒంటరిగా మిగిలెను. మరియొకచోట పదకొండు వందలకొలదిగా పెరిగెను. రెంటికిని కారకుడు మనుష్యుడే. ఈ బాట పొడుగున అందమును చూచి ఆనందించుటతోపాటు, ఈ సత్యమును గ్రహించి తిరిగివచ్చినవాని యాత్రయే సఫలము.