కాలు తీసినా కదలని కారు: ఆటో హోల్డ్ పనిచేసే తీరు

సాయంకాలం షిఫ్టులు ముగిసే వేళ అంబత్తూరు పారిశ్రామిక వాడ నుండి పాడి కూడలి వరకు వాహనాలు నడవవు, జరుగుతాయి. ఆటోమేటిక్ గేరు కారు ‘డి’లో ఉండగా బ్రేకు మీది కాలు తీస్తే అది నెమ్మదిగా ముందుకు పాకుతుంది, వంతెన ఎక్కే చోటనైతే వెనుకకు జారవచ్చు. ముందూ వెనుకా స్కూటర్లు ఆనుకుని నిలిచే రోడ్డు మీద ఆ జానెడు కదలికే ప్రమాదం. అందుకోసం కొత్త కార్లలో వచ్చిన ఏర్పాటే ఆటో హోల్డ్.

బ్రేకుల తయారీ ఈ ప్రాంతానికి పాత విద్య. బ్రేక్స్ ఇండియా, సుందరం క్లేటన్ సంస్థలు 1962లో పాడిలోనే మొదలయ్యాయి. ఆటో హోల్డ్‌కు మూలం కూడా పాత సూత్రమే. పెడల్ తొక్కినప్పుడు గొట్టాలలోని బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. కాలు తీస్తే ఆ ఒత్తిడి వెనుకకు మళ్ళి పట్టు సడలుతుంది. కారు పూర్తిగా ఆగగానే ఆటో హోల్డ్ విద్యుత్ వాల్వులను మూసి, తూము దించి కాలువ నీటిని నిలిపినట్లు, ఆ ఒత్తిడిని చక్రాల వద్దనే బంధిస్తుంది. ఈ వాల్వులు దీనికోసం ప్రత్యేకంగా అమర్చినవి కావు. కారు పట్టు తప్పకుండా కాపాడే ఈ.ఎస్.సి. యంత్రంలోనివే. చక్రం ఏమాత్రం తిరిగినా సెన్సర్లు పసిగడతాయి, పంపు ఒత్తిడి పెంచుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఇంజను లాగే శక్తి చాలునని తేలిన తరువాతనే వాల్వులు తెరుచుకుంటాయి.

అయితే ఇది హ్యాండ్‌బ్రేకు కాదు. వాల్వులు మూసి ఉండటానికి నిరంతరం కరెంటు కావాలి; ఎక్కువసేపైతే అవి వేడెక్కుతాయి. అందువల్ల చాలా మోడళ్ళలో కొన్ని నిమిషాల తరువాత గాని, సీటు బెల్టు తీసినా తలుపు తెరిచినా గాని, ఆ భారం ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకుకు మారుతుంది. అన్ని కార్లలోనూ ఇలాగే జరుగుతుందని నమ్మరాదు. పక్క దుకాణానికి దిగేవారు గేరును ‘పి’లో ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి దిగవలసిందే.

రోజుకొక యజమాని కారు నడిపే యాక్టింగ్ డ్రైవర్లకు మరొక చిక్కు ఉంది. కొన్ని కార్లలో ఉండేది హిల్ హోల్డ్ మాత్రమే. కాలు బ్రేకు నుండి యాక్సిలరేటర్‌కు మారేందుకు సుమారు రెండు సెకన్లు పట్టి ఉంచి అది వదిలేస్తుంది. నిన్నటి కారు అలవాటుతో నేడు ఎత్తు మీద కాలు తీస్తే కారు వెనుకనున్న స్కూటరు మీదకు జారుతుంది. కనుక తాళం చేతికి రాగానే గేరు పక్కన ఆటో హోల్డ్ మీట ఉన్నదా అని చూడాలి. మీట నొక్కినంత మాత్రాన పట్టు పడదు; అది సిద్ధంగా ఉంటుంది, అంతే. కారు ఆగి, మీటరు పలకపై పట్టు పడినట్లు దీపం వెలిగిన తరువాతనే కాలు తీయాలి. చాలా కార్లలో ఆ దీపం ఆకుపచ్చగా ఉంటుంది.

ఇరుకు సందులో కారును వెనుకకు పెట్టేటప్పుడు మాత్రం ఆటో హోల్డ్ ఆపివేయడమే మేలు. ప్రతిసారీ పట్టు విడిపించడానికి యాక్సిలరేటర్ తొక్కవలసి వస్తుంది. కాలు కాస్త బరువైతే కారు ఒక్కసారిగా గోడ దాకా వెళుతుంది.