‘దేవుడు చెప్పాడు’ అంటే చర్చ ముగిసినట్టేనా?

మన క్రైస్తవ కుటుంబాల్లో పెద్ద నిర్ణయం ఏదైనా వస్తే ఒకప్పుడు రెండు దారులు కనిపించేవి. బైబిల్ ముందు చీటీలు వేయడం, లేదంటే కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వచనాన్నే జవాబు అనుకోవడం. ఇప్పుడు మూడోది వచ్చింది. యూట్యూబ్ లైవ్‌లో పేరూ సమస్యా కామెంట్ పెట్టి ప్రవచనం కోసం వెయిట్ చేయడం.

మా చుట్టాలు ఎక్కువమంది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనే ఉంటారు. ఈ ఏడాది మూడు ఊళ్లలోనూ ఒకే మాట విన్నాను: ‘దేవుడు చెప్పాడు’. సూర్యాపేటలో బీటెక్ పూర్తి చేసిన చెల్లెలి వరస అమ్మాయికి ‘నీకు విదేశీ తలుపు తెరుచుకుంది’ అని ఒక లైవ్‌లో చెప్పారు. ఇంట్లోవాళ్లు పొలం తాకట్టు పెట్టడానికి రెడీ అయ్యారు. మిర్యాలగూడలో కుదిరిన సంబంధం ఒకటి ‘దర్శనంలో వద్దన్నాడు’ అంటూ ఆగిపోయింది. కోదాడలో మా పెదనాన్న షుగర్ మాత్రలు మానేశారు. స్వస్థత వచ్చేసిందని ఫోన్‌లో ఎవరో ప్రకటించారట.

దేవుడు మాట్లాడడని నేను అనడం లేదు. నేనూ విశ్వాసినే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ మాట వినగానే ఇంట్లో అందరూ సైలెంట్ అయిపోతారు. అడిగితే అవిశ్వాసం అంటారేమోనని భయం. కానీ కొత్త నిబంధన చదివితే, అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

పౌలునే చెక్ చేశారు

థెస్సలొనీక సంఘానికి రాస్తూ పౌలు ప్రవచనాలను చిన్నచూపు చూడొద్దంటాడు. ఆ వెంటనే అన్నిటినీ పరీక్షించమంటాడు. కొరింథువాళ్లకు ఇంకా క్లియర్‌గా రూల్ పెట్టాడు: ఇద్దరో ముగ్గురో ప్రవచించాలి, మిగతావాళ్లు దాన్ని వివేచించాలి. మా ఆఫీసులో ఎంత సీనియర్ రాసిన కోడ్ అయినా ఇంకొకరు రివ్యూ చేయకుండా ముందుకు పోదు. దాన్ని ఎవరూ అవమానం అనుకోరు. బెరయ ఊరివాళ్లు ఏకంగా పౌలు బోధనే రోజూ లేఖనాలతో పోల్చి చూశారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్లను మెచ్చుకుంది కూడా.

అదే పుస్తకంలో 21వ అధ్యాయం చూడండి. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన చేతులూ కాళ్లూ కట్టుకుని, ఈ నడికట్టు ఎవరిదో ఆయన్ని యెరూషలేములో ఇలాగే బంధిస్తారని చెప్పాడు. పక్కనున్నవాళ్లు వెళ్లొద్దని ఏడ్చారు. పౌలు వెళ్లాడు. జరగబోయేది ముందే తెలిసినా, ఏం చేయాలన్నది ఆయనే తేల్చుకోవాల్సి వచ్చింది.

మరి చీటీలు? యూదా స్థానంలో మత్తీయను చీటీలు వేసే ఎన్నుకున్నారు. అది పెంతెకొస్తుకు ముందు. ఆ తర్వాత శిష్యులు చీటీలు వేసినట్టు కొత్త నిబంధనలో ఎక్కడా కనిపించదు. 15వ అధ్యాయంలో పెద్ద సమస్య వచ్చినప్పుడు అందరూ కూర్చుని వాదించుకుని, ఒకరి మాట ఒకరు విని తేల్చారు.

తొందర ఎవరికి?

విజయవాడ ఆంధ్రా లొయోలా కాలేజీ పేరు విన్నారుగా? ఆ లొయోలా ఊరి ఇగ్నేషియస్ స్పెయిన్ సైనికుడు. 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి మంచాన పడ్డాడు. పడుకుని కలలు కంటుంటే ఒక తేడా గమనించాడు. పేరు ప్రతిష్ఠల ఊహలు అప్పటికి మజాగా ఉన్నా తర్వాత మనసును ఖాళీగా వదిలేసేవి. దేవుని సేవ గురించిన ఊహల తర్వాత సంతోషం నిలిచి ఉండేది. వివేచన గురించి ఆయన రాసిన సూత్రాలకు ఇదే మొదలు. మనసు కుంగినప్పుడు పాత నిర్ణయం మార్చొద్దన్నది వాటిలో ఒకటి. ఎగ్జామ్ పోయిన రాత్రో, బ్రేకప్ అయిన రాత్రో లైవ్‌లో జవాబు వెతికేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

హైదరాబాద్ హెబ్రోను వ్యవస్థాపకుడు భక్త సింగ్ కూడా ఇంజనీరింగ్ చదివినవారే. 1929లో కెనడాలో చదువుకుంటూ విశ్వాసి అయ్యారు. 1932లో బాప్తిస్మం తీసుకున్నారు, 1933లో ఇండియాకు తిరిగొచ్చారు. అంత పెద్ద పిలుపుకే సంవత్సరాలు పట్టింది. ‘ఇప్పుడే విత్తనం పంపకపోతే ఆశీర్వాదం పోతుంది’ అనే గొంతులో ఉన్న తొందర ఎవరిది? భయపెట్టి, ఆ వెంటనే ఫోన్‌పే నంబర్ చూపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి.

మూడు ఊళ్లలో ఏం జరిగింది?

కోదాడలో పెదనాన్న వాళ్ల సంఘ పెద్ద ఆయనతో గొడవ పడలేదు. ‘దేవుడు నయం జేస్తే రిపోర్టుకు భయమెందుకన్నా? కుష్ఠు రోగుల్ని బాగుచేసి, పోయి యాజకులకు చూపించుకోమన్నది యేసయ్యే గదా. రేపొద్దున పోయి రక్తం ఇచ్చి రా’ అన్నారు. రిపోర్ట్‌లో షుగర్ మూడు వందలు దాటింది. పెదనాన్న మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. ప్రార్థన మానలేదు.

మిర్యాలగూడలో దర్శనం ఎవరికి, ఎప్పుడు వచ్చిందని పెద్దలు నెమ్మదిగా అడిగితే, కట్నం దగ్గర తేడా వచ్చిందని బయటపడింది. చెప్పలేని మాటకు దేవుని పేరు అడ్డం పెట్టారంతే.

సూర్యాపేట అమ్మాయి వాళ్లమ్మతోనూ, బ్యాంకులో పనిచేసే మేనత్తతోనూ, పాస్టరమ్మతోనూ కూర్చుంది. ఫీజు, వడ్డీ, నెలకు ఈఎంఐ అన్నీ పేపర్ మీద రాశారు. రెండు వారాలు ప్రార్థన చేద్దామనుకున్నారు. వెళ్తుందో లేదో ఇంకా తేలలేదు. పొలం కాగితాలు మాత్రం ప్రస్తుతానికి బీరువాలోనే ఉన్నాయి.

మీకూ అలాంటి మాట వస్తే కొట్టిపారేయకండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది యేసు బోధకు సరిపోతుందా? దీనివల్ల లాభం ఎవరికి? నన్ను దగ్గరగా ఎరిగినవాళ్లు ఏమంటున్నారు? భయం తగ్గాక కూడా ఇది సరైనదే అనిపిస్తుందా?

అప్పటికీ ఎవరైనా తొందరపెడితే, ‘ఒక్క వారం టైమ్ ఇవ్వండి, ప్రార్థన చేసి చెప్తా’ అనండి. చెప్పింది నిజంగా దేవుడే అయితే వారంలో మాట మార్చడు.