పూర్తి మత్తు పడదంటే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ఆగిపోవాలా?

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ అవసరం. కానీ రోగికి డెబ్బై ఏళ్లు, గుండె బలహీనం, ఆయాసం కూడా ఉంది. పూర్తి మత్తు ఇవ్వడం ప్రమాదమని వైద్యులు చెప్పగానే ఇంటివాళ్లు ఆశ వదులుకుంటారు. 1975లో మెహర్‌బాయి టాటా స్మారకంగా క్యాన్సర్ ఆసుపత్రి వెలసిన జంషెడ్‌పూర్‌లోనైనా, మన హైదరాబాద్‌లోనైనా ఇలాంటి పరిస్థితి ఎదురుకావచ్చు. అలాంటి కొందరికి మరో దారి ఉంది: కోసే చోట మాత్రమే స్పర్శ పోగొట్టి, రోగిని తేలికపాటి మగతలో ఉంచడం.

పూర్తి మత్తులో స్పృహ పోతుంది. ఊపిరి ఆడేందుకు సాధారణంగా గొట్టం, యంత్రం కావాలి. స్థానిక మత్తులో చర్మం కిందా, కణితి చుట్టూ లిడోకెయిన్ ఎక్కిస్తారు. నరాల్లోని సోడియం మార్గాలను అది మూసేయడంతో నొప్పి సంకేతం మెదడుకు చేరదు. దానితో కలిపే అడ్రినలిన్ రక్తనాళాలను కుదిస్తుంది. అందువల్ల రక్తస్రావం తగ్గుతుంది, మందు ఎక్కువసేపు పనిచేస్తుంది. మిడజోలం వంటి మందుతో వచ్చే మగతలో రోగి సొంతంగా ఊపిరి తీసుకుంటూ, పిలిస్తే పలుకుతుంది.

అలాగని ఇది అందరికీ సరిపడదు. చిన్న గడ్డ తీయడానికి అనువుగా ఉంటుంది. రొమ్ము మొత్తం తీయాలన్నా, చంకలోని గ్రంథులన్నీ తొలగించాలన్నా కష్టం పెరుగుతుంది. మందుకూ హద్దుంది. అడ్రినలిన్ కలిపినప్పుడు కిలో బరువుకు సుమారు 7 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 50 కిలోల మనిషికి 350 మిల్లీగ్రాములు. అంతకు మించితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. మగత ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. కాబట్టి మత్తు వైద్యులు, ఆక్సిజన్, అవసరమైతే పూర్తి మత్తు ఇచ్చే ఏర్పాట్లు పక్కనే ఉండాలి.

ఈ పద్ధతి క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందా? 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన, రెండు వేల మందికి పైగా స్త్రీలతో చేసిన పరిశోధనలో వెన్ను పక్క నరాలకు మత్తిచ్చినా, వాయురూప మందులతో పూర్తి మత్తిచ్చినా ఆ విషయంలో తేడా కనిపించలేదు. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో 11 భారతీయ కేంద్రాల్లో జరిగి, 2023లో ప్రచురితమైన పరీక్షలో మాత్రం, కోతకు ముందు కణితి చుట్టూ లిడోకెయిన్ ఇచ్చినవారిలో ఐదేళ్లు బతికినవారు 90.1 శాతం, ఇవ్వనివారిలో 86.4 శాతం. అయితే ఆ ఆపరేషన్లు పూర్తి మత్తులోనే జరిగాయి. కాబట్టి ఆ మేలును పూర్తి మత్తు మానేయడానికి ఆపాదించలేం.

స్థానిక మత్తు అసలు ప్రయోజనం వేరు. పూర్తి మత్తు తట్టుకోలేని మనిషికి ఆపరేషన్ అవకాశం చేజారకుండా చూడటమే అది. "పూర్తి మత్తు కుదరదు" అన్న మాట వినగానే వెనుదిరగకుండా, "మరి స్థానిక మత్తులో వీలవుతుందా?" అని అడగడం మేలు.