దూరమునుండి యంత్రపాలనము



2021 అక్టోబరు 4వ తేదీ రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట వాట్సాప్ దాదాపు ఆరు గంటలు మూగవోయినది మీకు జ్ఞాపకముండును. దాని కారణమును డేటా సెంటరులో నుద్యోగియైన నా పూర్వశిష్యుడొకడు నాకు బోధించెను. గురుశిష్యులు తారుమారైరి!

సందేశములను నిలిపి పంపు సర్వరులను యంత్రములు అట్టి భవనములలో బారులు తీరియుండును. ఒక్కొక్కదానికి తెరయు, కీబోర్డును, మౌసును అమర్చుట వృథావ్యయము. కావున కన్సోల్ స్విచ్చియను పెట్టెకు పెక్కు యంత్రముల తీగెలను గలుపుదురు. కోరిన యంత్రము ఒకే తెరమీద కానవచ్చును. ఆ పెట్టెను నెట్‌వర్కునకు గలిపినచో, పాలకుడు వేరొక నగరమున గూర్చుండియే దానిని నడుపును.

సామాన్యముగా దూరమునుండి పలుకరించినపుడు, సర్వరులోని ఆపరేటింగ్ సిస్టమ్ మేలుకొనియున్నగాని బదులు రాదు. ఈ పెట్టె యన్ననో తెరతీగెనే పట్టుకొనియుండుటచే, మూర్ఛిల్లిన యంత్రము మరల లేచునప్పటి తొలి యక్షరములను సైతము చూపును. వీథివాకిలి బిగిసినపుడు పెరటివాకిలి వంటిది.

అయితే పెరటికి వేఱు దారి యుండవలెను గదా! ఆనాడు ఫేస్‌బుక్ సంస్థలో, మరమ్మతువేళ నిచ్చిన యొక యాజ్ఞవలన డేటా సెంటరులను గలుపు మూలమార్గమంతయు తెగెను. ఆపదకై వేఱుగా నుంచిన పాలనమార్గమును పనిచేయలేదని ఆ సంస్థయే ప్రకటించినది. ఇంజనీర్లు స్వయముగా పోవలసివచ్చెను. పరులు చొరకుండ బిగించిన కట్టుదిట్టములు వారిని సైతము జాగుచేసెను.

మా శిష్యుడు తమ పెట్టెకు ప్రత్యేకమైన తీగె యున్నదని చెప్పెను. దానిని కడపట నెన్నడు పరీక్షించితివని యడిగితిని. తల గోకికొనెను.