రెండు మోటార్లు, రెండు పగ్గాలు

1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగ సాయం లేకుండా నీటితొట్టిలో నడిపి చూపించాడు. ఆ ఏడాది నవంబరు 8న దానికి అమెరికా పేటెంటు వచ్చింది, సంఖ్య 613,809. లోపల బ్యాటరీలు, ప్రొపెల్లర్‌ను తిప్పడానికి ఒక మోటారు, చుక్కాని తిప్పడానికి ఇంకొకటి. రేడియో సంకేతం అందినప్పుడల్లా రిలేలు కదిలి సర్క్యూట్లను కలిపేవి, విడదీసేవి. దూరం నుంచి పడవకు ఆజ్ఞ ఇవ్వవచ్చని ఆ రోజుతో తేలిపోయింది. ఆ ఆజ్ఞను 'కాస్త నెమ్మదిగా', 'ఇంకొంచెం జోరుగా' అని కొలిచి ఇవ్వడం మాత్రం తర్వాతి తరాలకు మిగిలింది. ఆ పని చేసేదే స్పీడ్ కంట్రోలర్. రెండు మోటార్ల నమూనా పడవకు కంట్రోలర్ ఒకటి చాలా, రెండు కావాలా అన్న ప్రశ్నకు జవాబు ఈ పరికరం ఎదిగిన తీరులోనే దొరుకుతుంది. చాలా పడవలకు రెండు కావాలన్నది నా వాదన.

మొదటి తరం కంట్రోలర్లు నిరోధపు తీగలతో పనిచేసేవి. చిన్న సర్వో మోటారు ఒక చేతిని ఆ తీగచుట్ట మీద జరిపేది. తీగ ఎంత ఎక్కువ అడ్డం వస్తే పడవ అంత మెల్లగా నడిచేది. స్విచ్ బోర్డు మీద వేడెక్కే పాతకాలపు ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టె గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి మోటారుకు 6 వోల్టులే ఇవ్వాలనుకుందాం. 5 ఆంపియర్లు పారుతుంటే మోటారుకు 30 వాట్లు అందుతాయి, మరో 30 వాట్లు తీగలో వేడిగా పోతాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ప్రొపెల్లర్ మీద బరువు పెరిగితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే తీగ మింగే వోల్టేజీ కూడా పెరుగుతుంది. సరిగ్గా బలం కావలసిన వేళకే మోటారు నీరసపడిపోతుంది. 1970ల చివర్లో పవర్ మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు బజారులోకి వచ్చాక ఈ బాధ తీరే దారి కనిపించింది. అది వోల్టేజీని అడ్డుకోదు. సెకనుకు వందల, వేల సార్లు కరెంటును పూర్తిగా కలుపుతుంది, పూర్తిగా తెంచుతుంది. కలిపి ఉంచిన సమయం ఎంత పెరిగితే వేగం అంత. కలిపినప్పుడు దాని నిరోధం 5 మిల్లీ ఓములైతే 10 ఆంపియర్ల దగ్గర వృథా అయ్యేది అర వాటు. ఎంత వేగం కావాలో రిసీవర్ సెకనుకు దాదాపు 50 సార్లు పల్సు రూపంలో చెబుతుంది. 1.5 మిల్లీసెకన్ల పల్సుకు మోటారు ఆగుతుంది, 2కు పూర్తిగా ముందుకు, 1కి పూర్తిగా వెనక్కి.

ఇంత మెరుగైన పరికరం కూడా కాలిపోతుంది. కారణం చాలాసార్లు ఎంపికలోనే ఉంటుంది. తిరిగే మోటారు తానే చిన్న జనరేటరులా ఎదురు వోల్టేజీని పుట్టించి కరెంటును అదుపులో ఉంచుకుంటుంది. అది ఆగిపోయిందా, మిగిలేది తీగచుట్ట నిరోధమే. ఆ నిరోధం అర ఓము అయితే 12 వోల్టుల దగ్గర 24 ఆంపియర్లు పారతాయి. నీటిలో మామూలుగా 5 ఆంపియర్లు తీసుకునే మోటారు కూడా, గుర్రపుడెక్క వేరో నైలాన్ దారమో ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న క్షణాన ఈ అంకెకు చేరుతుంది. కాబట్టి కంట్రోలర్‌ను నడిచే కరెంటును బట్టి కాదు, బిగుసుకున్నప్పటి కరెంటును బట్టి ఎంచుకోవాలి. రెండు మోటార్లూ ఒకే కంట్రోలర్ మీద ఉంటే, ఒకటి బిగుసుకున్నా ఆ కంట్రోలర్ మీద 29 ఆంపియర్లు పడతాయి. రెండూ బిగుసుకుంటే 48. ఫ్యూజు కాపాడుతుంది కదా అంటారు. కాపాడుతుంది, నిజమే, కానీ రెండింటికీ ఒకే ఫ్యూజు అయితే అది పోగానే బాగున్న మోటారు కూడా ఆగి, పడవ చెరువు నడుమ నిలిచిపోతుంది. దేని కంట్రోలర్ దానికి, దేని ఫ్యూజు దానికి ఉంటే మిగిలిన మోటారు పడవను ఒడ్డుకు చేరుస్తుంది.

మలుపు సంగతి మరో కారణం. జోడెద్దుల బండిని తిప్పేటప్పుడు లోపలి ఎద్దును నిలువరించి బయటి ఎద్దును అదిలిస్తారు. రెండింటికీ వేర్వేరు పగ్గాలు ఉంటేనే అది సాధ్యం. ప్రొపెల్లర్లు దూరదూరంగా ఉన్న టగ్గు నమూనాలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పితే పడవ ఉన్నచోటే తిరుగుతుంది. చుక్కాని ఒక్కటే ఆ పని చేయలేదు, దాని మీదుగా నీరు పారితేనే దానికి బలం. అసలు ఓడల్లోనూ ఇదే తర్కం. టైటానిక్‌కు మూడు ప్రొపెల్లర్లుండేవి. పక్కన ఉన్న రెండూ వెనక్కి తిరిగేవి. నడిమిదాన్ని తిప్పే టర్బైన్‌కు ఆ వీలు లేదు. ఆ ఓడ నమూనా చేసేవారు మోటార్లన్నిటినీ ఒకే తీగకు కలిపితే ఓడ స్వభావమే పోతుంది.

ఒకే కంట్రోలర్ అయితే రెండు మోటార్లూ సమాన వేగంతో తిరుగుతాయన్నది అందరూ చెప్పే అభ్యంతరం. సమాంతరంగా కలిపితే సమానమయ్యేది వోల్టేజీ, వేగం కాదు. ఒకే నమూనా మోటార్లలోనూ చిన్న తేడా ఉంటుంది. కొన్ని మోటార్లు ఒక దిశలో కంటే మరో దిశలో జోరుగా తిరుగుతాయి. రెండు కంట్రోలర్లుంటే ఆ తేడాను రిమోట్‌లోనే సర్దుకోవచ్చు. ఖర్చు, బరువు పెరుగుతాయన్నది ఒప్పుకోవలసిన మాటే. ప్రొపెల్లర్లు పక్కపక్కనే ఉండే సన్నటి వేగపు పడవకు, బ్రష్ మోటార్లయితే, మొత్తం కరెంటును మోయగల ఒక్క కంట్రోలర్ చాలు. సెన్సర్లు లేని బ్రష్‌లెస్ మోటార్లకు ఆ మినహాయింపు లేదు. మోటారు పుట్టించే ఎదురు వోల్టేజీని చూసే కంట్రోలర్ దాని స్థితిని పసిగడుతుంది. రెండు మోటార్లను ఒకేసారి అలా గమనించలేదు.

రెండు కంట్రోలర్లూ రిసీవర్‌కు 5 వోల్టులు ఇచ్చే రకమైతే ఒకదాని ఎర్ర తీగను ప్లగ్గులోంచి తీసి టేపు చుట్టండి, లేకపోతే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. కారు కోసం చేసిన కంట్రోలర్లలో చాలావాటికి వెనక్కి వెళ్లే ముందు బ్రేకు వేసే అలవాటుంది. పడవకు అది పనికిరాదు. కొనేముందు పడవను నీటితొట్టిలో కదలకుండా పట్టుకుని పూర్తి వేగంలో కరెంటు కొలవండి. మామూలు మల్టీమీటర్ సాధారణంగా 10 ఆంపియర్ల వరకే తట్టుకుంటుంది కాబట్టి డీసీ క్లాంప్ మీటర్ వాడండి. ఆ అంకెను, బిగుసుకున్నప్పటి అంకెను కాగితం మీద రాసుకుని అప్పుడు దుకాణానికి వెళ్లండి.