గిడ్డంగి కాపరి

జపాను దేశమున హిరోయుకి ఇమబయాషి అను నాతడు కల్పించిన 'సోకోబాన్' అను కంప్యూటరు ఆట 1982లో వెలువడెను. ఆ మాటకు గిడ్డంగి కాపరి యని అర్థము. తెరపై గోడలు, కొన్ని పెట్టెలు, ఒక మనిషి: సామగ్రి యంతయు నింతియే. పెట్టెల నన్నిటిని గుర్తు పెట్టిన తావులకు చేర్చవలెను. శత్రువులు లేరు, గడియారము తరుమదు.

నియమములు రెండే. పెట్టెను నెట్టవచ్చును గాని లాగరాదు. ఒక్కసారికి ఒక్క పెట్టెనే నెట్టవలెను. ఇంత చిన్న యాటకు పెద్దలు సైతము గంటల కొలది తల పట్టుకొని కూర్చుండుట యేల? లాగరాదను నియమమే యందులకు కారణము. పెట్టె యొకటి గుర్తులేని మూలకు చేరెనా, దానిని మరల త్రోయుటకు నిలువవలసిన చోట గోడ యుండును. ఇక నది కదలదు. ఇది కంటికి కనబడు తప్పు గనుక కొంత నయము. పదియవ అడుగున చేసిన పొరపాటు ఒక్కొక్కప్పుడు నూరవ అడుగున గాని బయటపడదు. అంతవరకు అంతయు సరిగనే యున్నట్లు తోచును. విసుగునకు మూల మదియే. అయినను అదృష్టమును నిందించుటకు వీలులేదు. పాచికలాటలో నా సౌకర్యమైన కలదు! తప్పు తనదే యని తెలియుటచేతనే దానిని దిద్దవలెనను పంతము పుట్టును.

ఈ యాట కంప్యూటర్లకు సైతము మిక్కిలి కఠినమైన సమస్యల కోవకు చెందినదని 1997లో జోసెఫ్ కల్బర్‌సన్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. నేర్పరులు తుదినుండి మొదటికి ఆలోచింతురు: పెట్టె గుర్తుపైనే యున్నదనుకొని, అది యే దిక్కునుండి వచ్చియుండునో వెదకుదురు. తరువాతి కాలపు ఆటలలో వేసిన అడుగును వెనుకకు తీసికొను వీలును కల్పించిరి. ఎన్ని యడుగులు తీసికొనవలెనో మాత్రము ఆట చెప్పదు.